జింక వేటకు ఏ తూటా?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అమెరికాలో లైసెన్సుతో వేటాడొచ్చు. జంతువు ఎక్కువసేపు బాధపడకూడదు కాబట్టి అక్కడ తూటా ఎంపిక చాలా ముఖ్యం.

సీసమా, రాగా?

సీసం మెత్తన. ఎముకకు తగిలితే చిట్లి, కంటికి కనబడని ముక్కలై గాయం చుట్టుపక్కల మాంసంలోకీ చేరుతుంది. వేటగాళ్ళు వదిలేసిన పేగులు తిని కాలిఫోర్నియా కాండర్ రాబందులు విషమెక్కి చనిపోతున్నాయి. 1987 నాటికి ప్రపంచం మొత్తం మీద మిగిలినవి 27. అందుకే కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది.

రాగి తూటా మొన పువ్వులా విచ్చుకుంటుంది, ముక్కలు కావడం అరుదు. అయితే రాగి తేలిక; అదే బరువుకు తూటా పొడవు పెరుగుతుంది, గురి మారవచ్చు. తూటా మార్చినవాళ్ళు ముందు కాగితం గురి మీద కాల్చి, రైఫిల్ దుర్భిణి సరిచేసుకోవాలి.