బత్తాయి తోట దాహానికి ఆకాశం నుంచి లెక్క
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో బత్తాయి మాట ఏమిటని కొందరు అనుకోవచ్చు. అనంతపురం, నల్గొండ వంటి జిల్లాల్లో తోటా, పాడీ రెండూ ఉన్న ఇళ్లలో తరచు బోరు ఒక్కటే. ఆ నీళ్లే చెట్లకు పారాలి, గడ్డి మడికి పారాలి, గొడ్ల తొట్టికి చేరాలి. తోటలో ఎక్కువైన నీరు పచ్చిమేతకు తక్కువైన నీరే.

చెట్టు ఎంత తాగిందో ఉపగ్రహానికెలా తెలుస్తుంది? కొత్త కుండ చెమర్చితే లోపలి నీరు చల్లబడుతుంది గదా. ఆకూ అంతే. నీటిని ఆవిరిగా వదులుతున్నంతసేపు చల్లగా ఉంటుంది, నీరందకపోతే వేడెక్కుతుంది. 2013లో, 2021లో అమెరికావారు పంపిన లాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాలు ఆ వేడిని కొలుస్తాయి. రెండూ కలిసి ఎనిమిది రోజులకొకసారి ప్రతి పొలాన్నీ చూస్తాయి. ఐరోపావారి సెంటినెల్-2 వేడిని చూడదు, పచ్చదనాన్ని చూస్తుంది. నేలను పది మీటర్ల చదరపు గడులుగా చూస్తుంది గనుక, 6 మీటర్ల ఎడంతో నాటిన తోటలో గడికి సుమారు మూడు చెట్లు వస్తాయి.

ఇక లెక్క. ఎండ, గాలి, తేమలను బట్టి పచ్చగడ్డి నేల నుంచి వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్ల నీరు పోతుందనుకుందాం. నేలలో సగం మేర కొమ్మలు కమ్మిన నిమ్మజాతి తోటకు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో ఇచ్చిన గుణకం సుమారు 0.6. అంటే 3.6 మిల్లీమీటర్లు, ఎకరానికి 14,500 లీటర్లు. మన 40 లీటర్ల పాల క్యానుతో కొలిస్తే చెట్టుకు మూడు క్యాన్ల పైచిలుకు. కొమ్మలు సగం కమ్మాయా, పాతికేనా అన్నది తోట తోటకూ చూసి చెప్పడమే ఉపగ్రహం చేసే అసలు మేలు.

దానికీ లోపాలున్నాయి. మబ్బు పడితే ఏమీ కనిపించదు. చెట్ల మధ్య కలుపునూ తోటగానే లెక్కిస్తుంది. లాండ్‌శాట్ వేడిని కొలిచే గడి వంద మీటర్లు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరం తోట వేడి పక్క బీడు వేడితో కలిసిపోతుంది. చిన్న తోటలవారు ఆ అంకెను నమ్ముకోవద్దనే మా సలహా. మీ బోరులో ఎంత నీరుందో కూడా అది చెప్పలేదు.

ఇంటికి వెళ్లాక, 200 లీటర్ల డ్రమ్ము మీ బోరు కింద ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూసి రాసిపెట్టుకోండి. రెండు నిమిషాలైతే, పైన చెప్పిన తోటకు ఎకరానికి రోజుకు సుమారు రెండున్నర గంటల నీరు. ఇది డ్రిప్పు ఉన్నవారి లెక్క, కాలువలో పారించేవారికి దారిలో ఇంకేది అదనం. అంతకు మించి నడిచే మోటారు గంటలను గడ్డి మడి వైపు తిప్పవచ్చు.