పసిబిడ్డ మూత్ర పరీక్ష
(తల్లుల ఆరోగ్య సభలో ఒక పిల్లల డాక్టరు ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను పసిబిడ్డ మూత్రం సీసాలో పట్టడం గురించి చెబుతాను. నవ్వకండి. బిడ్డ మూత్రపిండాల క్షేమం ఇందులో ఉంది.

బిడ్డకు జ్వరమొస్తే పళ్ళొస్తున్నాయనో, దిష్టి తగిలిందనో అనుకుంటాం. దగ్గు, జలుబు లేకుండా జ్వరం కాస్తే మూత్రంలో చీము ఉందేమో చూడాలి. జ్వరంతో వచ్చే పసివాళ్ళలో నూటికి సుమారు 7గురికి ఇదే కారణం. మంటగా ఉందని బిడ్డ చెప్పలేదు గదా! పాలు మానేస్తుంది, వాంతి చేసుకుంటుంది, ఊరికే ఏడుస్తుంది. వైద్యం ఆలస్యమైతే మూత్రపిండాలపై మచ్చలు పడవచ్చు.

తడిసిన గుడ్డ పిండి తెస్తే పరీక్షకు పనికిరాదు. అంటించే సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు, మలంలోని క్రిములు కలుస్తాయి. అందులో దోషం కనిపించినా నమ్మడానికి లేదు. లేని జబ్బుకు బిడ్డ సూదులు పొడిపించుకోవలసి వస్తుంది.

మరి ఎలా పట్టాలి? బిడ్డకు పాలు పట్టండి. చేతులు కడుక్కొని, బిడ్డ మూత్రం పోసే చోట శుభ్రంగా కడగండి. ఒకరు బిడ్డను పట్టుకోవాలి. మరొకరు చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డతో పొత్తికడుపుపై గుండ్రంగా మెల్లగా రుద్దాలి. 2017లో ఆస్ట్రేలియా డాక్టర్లు ప్రచురించిన పరిశీలనలో ఇలా రుద్దిన పిల్లల్లో నూటికి 31 మంది 5 నిమిషాల్లో మూత్రం పోశారు. రుద్దనివారిలో 12 మందే పోశారు. ధార మొదలు కాగానే ల్యాబువారిచ్చిన సీసా చర్మానికి తగలకుండా పట్టండి. సీసా లోపల వేలు పెట్టవద్దు. వెంటనే ల్యాబుకు చేర్చండి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డకట్టే అరలో మాత్రం కాదు. ఎంతకీ రాకపోతే ఆసుపత్రిలో సన్నని గొట్టంతో తీస్తారు, భయపడకండి.

ముఖ్యమైన మనవి ఒకటి. మందుల షాపులో అడిగి యాంటీబయోటిక్ పోయకండి. ఒక్క మోతాదు పడినా కల్చర్ పరీక్షలో క్రిమి దొరకకపోవచ్చు. అప్పుడు ఏ మందు పనిచేస్తుందో మాకు తెలియదు. అయితే మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరముంటే ఇంట్లో సీసా పట్టుకొని కూర్చోవద్దు. పగలైనా రాత్రైనా ఆసుపత్రికి తీసుకురండి.

ఈ మాటలు మీ వీధిలోని బాలింతలకు కూడా చెప్పండి. సెలవు.