హంద్రీ గట్టున గాలం



గుమాస్తాగిరీ ముగిశాక నాకు అబ్బిన అలవాటు గాలం. ఆదోని నుండి ఎమ్మిగనూరు మీదుగా గోనెగండ్ల వైపు, గాజులదిన్నె ప్రాజెక్టు దిగువన హంద్రీ మడుగులకు వెళ్తుంటాను.

అక్కడ కొర్రమీను ముఖ్యం. అది గాలి పీల్చే చేప. నీళ్ళు తగ్గిన మడుగులోనూ బతుకుతుంది. ఊపిరికి పైకి వచ్చినచోట బుడగ లేస్తుంది. ఆ పక్కనే చప్పుడు లేకుండా ఎర జారవిడవాలి.

అయితే వానాకాలంలో నీటిపై ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే, కింద పెద్ద చేపలు కాపలా ఉన్నట్టే. పిల్లల జోలికి వచ్చిందనుకొని ఎరమీదికి దూకుతాయి. అప్పుడు పట్టడం సులభం. కాని పట్టకూడదు! కాపలా పోతే పిల్లలు ఇతర చేపల పాలే.

మన మనవళ్ళకు గాలం వేయడంతోపాటు, ఎప్పుడు చుట్టేయాలో కూడా నేర్పుదాం. సెలవు.