వెనక పేజీలో జవాబు

 

రిటైరయ్యాక మనవడి దగ్గర చదరంగం మొదలుపెట్టాను. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ ఓ భారీ యంత్రం. దానికన్నా బలమైన స్టాక్‌ఫిష్ ఇవాళ ఫోన్లో ఉచితంగా దొరుకుతోంది. ఓడిన ప్రతి ఆటనూ దానికి చూపించేవాణ్ణి. తప్పెక్కడో క్షణంలో చెప్పేది. మర్నాడు మళ్ళీ అదే తప్పు!

అప్పుడు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. పుస్తకం వెనక జవాబు చూసి రాస్తే సున్నా వేసేవారు. "జవాబు సరే, దారేదిరా?" అనేవారు.

ఇప్పుడు ఆట అవగానే ఇంజను తెరవను. ఏ ఎత్తు ఎందుకు వేశానో ముందు నోటుబుక్కులో రాసుకుంటాను. తర్వాతే దాన్ని అడుగుతాను. అది ప్లస్ ఒకటి చూపిస్తే, తెల్లపావులకు మేలున్నట్టు. ఎందుకు మేలో చెప్పదు. అందుకే నా ఎత్తే మళ్ళీ వేసి, అది ఎలా దెబ్బ తీస్తుందో చూస్తాను. గుర్రాన్ని కాపు లేకుండా వదిలేయడం నా జబ్బని అలాగే తెలిసింది.

మొన్న మనవడితో ఆట డ్రా అయింది. మాస్టారుంటే ఆ నోటుబుక్కు చూపించేవాణ్ణి. ఈసారి దారి కూడా రాశాను మరి!