లోపం వాళ్లది, ఖర్చు మీదా?

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మిక్సీ తిరగడం లేదు. వెనక్కి పంపే కొరియర్ ఛార్జీ ఎవరు భరించాలి?

2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగి ఇవ్వననడానికి అమ్మకందారుకు వీల్లేదు. తిరుగు రవాణా ఖర్చు సంగతీ ముందే స్పష్టంగా తెలపాలి. కొనేముందు ఆ వివరం తప్పకుండా చదవండి. లోపం వాళ్లదైనప్పుడు ఆ ఖర్చు మన నెత్తిన వేయడం అన్యాయమే.

పార్సిల్ విప్పగానే ఫోటోలు తీయండి, కొరియర్ రసీదు దాచండి. కొన్న సైట్‌కు ఫిర్యాదు చేయండి. అది అందినట్టు వాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే, అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా సరే, మీరుంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువుకు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కొరియర్ ఖర్చు కూడా ఆ కేసులోనే అడగండి.