ఏరు దాటి నాటకమునకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమిని నడిగడ్డ యందురు. గద్వాల, అలంపురములు ఈ గడ్డమీదివే. ఇక్కడివాడు దూరమేదైనను పోవలెనన్న ఏరు దాటక తప్పదు. వనపర్తికి పోవలెనన్న కృష్ణ, కర్నూలునకు పోవలెనన్న తుంగభద్ర. పెండ్లికి, సంతకు, వ్యాజ్యమునకు దాటినవారి కథలు అందరెరిగినవే. నాటకము చూచుటకు, అందును ఒక్క నటుని చూచుటకు, సద్ది మూట గట్టుకొని ఏరు దాటినవారి ముచ్చట చెప్పినవారు తక్కువ. నేటి ప్రసంగ విషయము వారే.

గద్వాలకు విద్వద్గద్వాల యని ప్రసిద్ధి. సంస్థాన ప్రభువులు కవులను రప్పించి, సభ చేయించి, వార్షికములిచ్చి పంపుచుండిరి. తిరుపతి వేంకట కవులు అవధానములు చేయుచు దేశమంతయు తిరుగు దినములలో గద్వాలకును, ఆత్మకూరునకును వచ్చి సన్మానములందిరి. ఆ ఆత్మకూరు నేడు వనపర్తి జిల్లాలోనిది. ఆ జంటలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో గతించిరి; చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించిరి. భారతకథను వారు ఆరు నాటకములుగా రచించిరి. వానిలో పాండవోద్యోగమును, పాండవవిజయమును నటులు జోడించి, పాండవోద్యోగవిజయములను పేర ఆంధ్రదేశమంతట ఆడిరి.

ఇందొక వింత గలదు. మొదట ఆ కవులు తమ పద్యములు వినిపించుటకై ఏళ్ళు దాటి నడిగడ్డకు వచ్చిరి. తరువాతి తరమున నడిగడ్డవారు ఆ కవుల పద్యములనే వినుటకై ఏళ్ళు దాటి పోయిరి. కవులు వచ్చిననాడు విన్నవారు ప్రభువులు, ఆస్థాన పండితులు. పోయి విన్నవారో, జొన్నచేను కాపున్నవాడు, మగ్గము నేసినవాడు, కిరాణా కొట్టు నడపినవాడు. కోట వాకిట నిలువ వెరచినవాని కుమారుడు నేల టిక్కెట్టు కొని కూర్చుండి, పద్యము బాగుగ లేకున్న లేదని బిగ్గరగ పలికెను. సంస్థానమునందు రాజు చేసిన పరీక్ష, నాటకశాలయందు రైతు చేసెను. తెలుగు పద్యమునకు ఇంతకంటె పెద్ద యధికారి మార్పు మరియొకటి జరిగినదా యన్నది ఆలోచింపదగినది.

ఈ రైతునకు పరీక్షించు శక్తి ఎట్లు వచ్చెనని యడుగవచ్చును. చదువు లేదుగదా! చదువు లేకున్నను వినికిడి యుండెను. వానలు కురియని రాత్రులలో దేవాలయపు మండపమున పురాణము జరుగుచుండెను. తిక్కన ఉద్యోగపర్వమును ఒకరు చదువ నొకరు అర్థము చెప్పుచుండిరి. పంటలు ఇంటికి చేరిన పిమ్మట యక్షగానములవారు, వీధిభాగవతులు వచ్చుచుండిరి. అందుచే రాయబారమున కృష్ణుడు ఏమి చెప్పునో, దుర్యోధనుడు ఏమని త్రోసిపుచ్చునో వానికి ముందే తెలియును. కథ తెలియుటకై వాడు ఏరు దాటలేదు. తెలిసిన మాటను ఆ నటుడు ఎట్లు పలుకునో వినవలెనని దాటెను. నాటకమని చెవిని బడగానే వాడడుగు మొదటి ప్రశ్న "కృష్ణుడెవరు?" అని. నాటకము పేరు పిదప సంగతి.

1948 సెప్టెంబరునకు పూర్వము ఈ ప్రయాణము ఒక రాజ్యమునుండి మరియొక రాజ్యమునకు పోవుటయే. తుంగభద్రకు ఈవల నిజాము ప్రభుత్వము, ఆవల ఇంగ్లీషువారి ప్రభుత్వము. ఈవల సభ జరుపవలెనన్న గస్తీ నిషాన్ 53 ననుసరించి ముందుగ అనుమతి గొనవలెను. కచ్చేరీ భాష ఉర్దూ. ఆవల తెలుగు నాటకసమాజములకు అట్టి చిక్కు లేకుండెను. నాణెములును వేరే. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు. నూరు కల్దారు రూపాయలకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైలు. అనగా ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. టిక్కెట్టు కల్దారులో కొనవలెను గనుక, రసికుడు ప్రతి యారింటికి ఒక్కటి చొప్పున అదనముగ చెల్లించి పద్యము వినెనన్నమాట. తిరిగి వచ్చునపుడు కరోడ్‌గిరివారి తనిఖీ వేరే. మూటలో జొన్నరొట్టెల తునకలు దప్ప సుంకము గట్టదగిన సరకు వానియొద్ద ఏమియు నుండదు. తెచ్చుకొన్న సరకు నోటనుండెను. దానికి సుంకము లేదు.

1916 నాటికే సికింద్రాబాదునుండి గద్వాలకు రైలు వచ్చెను. పిమ్మట మార్గము కర్నూలుదాక సాగెను. గద్వాలవాడు ఈ విషయమున అదృష్టవంతుడు. వనపర్తివానికి వనపర్తి రోడ్డని పేరేగాని ఆ స్టేషను ఊరికి దూరముగ మదనాపురమువద్ద నున్నది. నాగర్‌కర్నూలువానికి అదియు లేదు. బండిపై జడ్చర్లకో మహబూబ్‌నగరమునకో చేరి అచట రైలెక్కవలెను. ఎడ్లకు మేత, మనుష్యులకు రొట్టె, కారము, ఉల్లిగడ్డ కట్టుకొని, ముందునాడే బండి కట్టవలసియుండెను. 1953 అక్టోబరునుండి 1956 అక్టోబరు చివరివరకు కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని. ఊళ్ళో కార్యాలయములు, కొత్త మనుష్యులు, సందడి. అప్పటికి సరిహద్దు తనిఖీల భయము తొలగెను గాని, బండి బాధ తొలగలేదు.

నాటకము రాత్రి భోజనములైన పిదప మొదలై తెల్లవారువరకు సాగుచుండెను. పెట్రోమాక్సు దీపములు, ముందర హార్మోనియము, నేలపై చాపలు. పడకసీను వచ్చువరకు కొందరు నిద్రపోవుచుండిరి; ప్రక్కవానితో "కృష్ణుడు వచ్చినపుడు లేపుము" అని చెప్పి మరీ నిద్రపోవుచుండిరి. ద్వారకలో కృష్ణుడు పడకపై నుండ, దుర్యోధనుడు తలవైపున ఆసనముపై, అర్జునుడు కాళ్ళవైపున చేరు ఘట్టమది. ఒకే నాటకమున పడకసీనునకు ఒక కృష్ణుడు, రాయబారమునకు మరియొక కృష్ణుడు వచ్చుట పరిపాటియైనది. తన నటుడు రెండవ కృష్ణుడైనచో, మొదటి కృష్ణుడు పాడుచున్నంతసేపు రసికుడు పెదవి విరుచుచునే యుండును. ఇది న్యాయము కాదు, అభిమానమున న్యాయమెక్కడిది?

కల్యాణం రఘురామయ్యగారు వ్రేలు నోటనుంచి ఈలతో పద్యము పలికించుటచే ఈలపాట రఘురామయ్య యనిపించుకొనిరి. వారికి పద్మశ్రీ వచ్చెను, 1975లో గతించిరి. పీసపాటి నరసింహమూర్తిగారు రాగమును పొదుపుగ వాడి, అర్థమునకు పెద్దపీట వేసి, కృష్ణుని మాటకారితనమును ముందు నిలిపిరి. షణ్ముఖి ఆంజనేయరాజుగారు దీర్ఘమైన రాగాలాపనతో సభను కట్టివేసిరి. వీరిలో ఎవరు గొప్పయను వాదము బండి యెక్కిన నాడే మొదలై, దిగిన పిదప కూడ ముగిసెడిది కాదు. ఒక్కొక్క ఊరిలో రెండు పక్షములుండెను. సరిహద్దు గట్టు తగవుకంటె ఈ తగవు పట్టుదలగ నడచినదని పెద్దలు నవ్వుచు చెప్పుదురు.

ఈ వాదములో నిజమైన పస గలదు. సీసపద్యము పాదము పెద్దది. ఊపిరి ఎక్కడ తీసికొనవలెనో నటుడు నిర్ణయింపవలెను. యతిస్థానమున ఆగినచో ఛందస్సు నిలుచును గాని, ఒక్కొక్కచోట మాట రెండు ముక్కలై అర్థము చెడును. మాట పూర్తియైన తావున ఆగినచో అర్థము నిలుచును, నడక కుంటును. రెంటిని పొసగించిన నటుడే నటుడు. రాగము సాగించువాడు ఏ యక్షరముపై సాగించునో అదియును చూడవలెను. విభక్తి ప్రత్యయముపై అయిదు నిమిషములు నిలిచి, క్రియాపదమును మ్రింగివేసినవానిని నేలమీది రైతు క్షమించెడివాడు కాడు. వానికి విభక్తి యను పేరు తెలియదు, చెవికి తెలియును.

"వన్సుమోర్" అను కేకనుగూర్చి ఒక్క మాట. బాగున్న పద్యమును మరల వినగోరుట తప్పు కాదు. కాని యుద్ధమున కూలిన వీరుడు ఆ కేక విని లేచి, పద్యము మరల పాడి, మరల కూలుట చూచినచో భారతమునకు ఎట్టి గతి పట్టినదో! బళ్ళారి రాఘవగారు ఇట్టి పోకడను హర్షింపలేదు. 1880లో పుట్టి 1946లో గతించిన ఆ న్యాయవాది, సంగీతమును తగ్గించి పాత్రకు ప్రాణము పోయుటయే నటన యనిరి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టిరి. బళ్ళారియు నడిగడ్డకు మరీ దూరము కాదు. అయినను పద్యముపై మనసు పడినవాడు కర్నూలు దిక్కే చూచెను.

అందరును పోవలసిన పని లేకుండ సురభివారే ఊళ్ళకు వచ్చుచుండిరి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆ సమాజము పుట్టెను. కొల్లాపురము నేలిన జటప్రోలు ప్రభువుల యింటిపేరును సురభియే. నాగర్‌కర్నూలు ప్రాంతమున ఈ రెంటిని ఒకటిగ తలచువారు కలరు గాని, సంబంధము లేదు. సురభి కుటుంబములలో స్త్రీలు స్త్రీ పాత్రలను ధరించిరి.

ఈ ప్రయాణములకు మరియొక ముఖము గలదు. దానిని దాచుట ధర్మము కాదు. పాలమూరు సీమలో వర్షము తక్కువ, అప్పు ఎక్కువ. నూలు కొనుటకుంచిన రూపాయలతో టిక్కెట్టు కొన్న నేతగాడును, కలుపు కాలమున రెండు దినములు చేను విడిచిన రైతును ఉండిరి. నటుని పద్యమునకు మెచ్చి, పేరు పిలిపించుకొని, చదివింపులు చదివించి, తిరుగు బండి కూలికి చేయి చాచినవారును ఉండిరి. ఇంటి ఇల్లాలు కోపించినచో ఆమెది తప్పనరాదు. ఆమె ఆ నాటకము చూడలేదు. ఆ రాత్రి పశువులకు మేత వేసినది ఆమెయే. చదివింపుల వ్యామోహము మాత్రము ఖండింపదగినదే. టిక్కెట్టు ఖర్చు వేరు సంగతి. పది యూళ్ళలో ఒక్కడు పోయి వచ్చినచో పది యూళ్ళవారు వినిరి. వాడు కళ్ళమున ధాన్యము తూర్పార బట్టుచు ఆ పద్యములనే పాడెను. రఘురామయ్యగారిని ఎన్నడు చూడని పిల్లలు ఆయన గొంతు మలుపులను వానినుండి నేర్చిరి. ఇల్లాలును నేర్చెను, కోపముతోనే.

గద్వాల ప్రాంతమున పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు, 1952లో వనపర్తినుండి శాసనసభ కెన్నికైనవారు, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది తెలంగాణ కవులను లోకమునకు చూపిరి. కవులకు లెక్క వచ్చెను. శ్రోతలకు లెక్క వ్రాసినవారు లేరు. మాధవపెద్ది వెంకట్రామయ్యగారి దుర్యోధనుడు, అద్దంకి శ్రీరామమూర్తిగారి ధర్మరాజు గ్రామఫోను పళ్ళెములలో గొంతుగ కొంత నిలిచిరి. కంటి చూపు, చేతి విసురు, సభవైపు తిరిగిన తీరు పళ్ళెములో పట్టవు. అవి చూచినవారి జ్ఞాపకముననే యున్నవి. పీసపాటివారు కూడ 2007లో గతించిరి. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును వేర్వేరు జిల్లాలైనవి. ఒక్కొక్క జిల్లాలో ఆనాటి బండ్లెక్కినవారు ఇంక వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియే.

ఈ గ్రంథాలయమున పాండవోద్యోగము ప్రతి యొకటి గలదు. అట్ట లేదు. పుటల అంచులలో పెన్సిలుతో అడ్డగీతలు, చిన్న సున్నలు కనబడును. పిల్లలు గీసిన పిచ్చిగీతలని చాలకాలము అందరును తలచిరి. నిదానించి చూచినచో గీత యున్నచోట నటుడు ఊపిరి తీసెను, సున్న యున్నచోట రాగము సాగించెను. ఏ నాటకమునుండి వచ్చి ఏ రసికుడు గుర్తు పెట్టుకొనెనో పేరు వ్రాయలేదు. రాయబారపు పద్యములదాక ఆ గుర్తులు వరుసగ నున్నవి. పుస్తకపు చివరి నాలుగు పుటలు మాత్రము లేవు. ఎవరి యింటనైన ఉన్నచో గ్రంథపాలకునకు తెచ్చి యీయగోరుచున్నారు.