ఓట్ల లెక్కకు నియమం రాసేదెవరు?



ఎన్నికలు దగ్గరపడితే మన మధ్య చర్చ దాదాపు ఎల్లప్పుడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈసారి ఓటు ఎవరికి వేయాలి? నేడు మేము మీ ముందుంచదలచినది దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న. మనం వేసిన ఓట్లు ఏ నియమం ప్రకారం సీట్లుగా మారాలి? ఆ నియమాన్ని నిర్ణయించే అధికారం ఎవరిది? గెలిచినవారిదా, ఓటు వేసేవారిదా?

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న కాలంలో ఎన్నికల విధులు మాకు అనేక పర్యాయాలు పడ్డాయి. పోలింగ్ కేంద్రంలో వేలికి సిరా గుర్తు పెట్టాము, లెక్కింపు బల్లల దగ్గర రాత్రిళ్లు కూర్చున్నాము. ఒక్క ఓటు తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచి లెక్కించేవాళ్లం. లెక్కలో అంత శ్రద్ధ ఉన్న వ్యవస్థలోనే ఓడిన అభ్యర్థులకు పడిన ఓట్లన్నీ చట్టసభ గడప దాటకుండా మిగిలిపోతాయి. ఇది సిబ్బంది లోపం కాదు. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాడు గెలిచినట్లే అన్న నియమం స్వభావమే అది.

ఆ నియమం ఫలితాలను అంకెలలో చూద్దాం. 2014 లోక్‌సభ ఎన్నికలలో సుమారు 31 శాతం ఓట్లతో ఒక పార్టీకి 543లో 282 స్థానాలు లభించాయి. దేశం మొత్తంమీద 4 శాతానికి పైగా ఓట్లు పొందిన బహుజన సమాజ్ పార్టీకి ఒక్క స్థానమూ దక్కలేదు. తమిళనాడులో సుమారు 24 శాతం ఓట్లు తెచ్చుకున్న డి.ఎం.కె.దీ అదే గతి. ఆ ఎన్నికలలోనే 80 స్థానాలున్న ఉత్తరప్రదేశ్ నుంచి ఒక్క ముస్లిం సభ్యుడు కూడా ఎన్నిక కాలేదు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2024లో ఎన్నికైన లోక్‌సభలో ముస్లిం సభ్యులు 24 మంది, అంటే 5 శాతం కూడా లేరు.

ఇది ముస్లింల ఫిర్యాదు మాత్రమేనని ఎవరైనా అనుకుంటే వారికి మన ఆంధ్రప్రదేశ్ శాసనసభను చూపాలి. 2019లో తెలుగుదేశం పార్టీకి సుమారు 39 శాతం ఓట్లు పడ్డాయి. 175 స్థానాలలో వచ్చినవి 23. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీకి కూడా సుమారు 39 శాతమే, వచ్చినవి 11. ప్రతి పదిమందిలో నలుగురు ఒక పక్షాన నిలిచినా ఆ పక్షానికి సభలో రెండు మూడు వరుసల బెంచీలు మాత్రమే మిగిలాయి. ఈ రెండు పార్టీలూ ఈ నియమం చేత దెబ్బ తిన్నవే, ఇదే నియమం చేత అందలం ఎక్కినవే. అందుకే నియమాన్ని మార్చుదామని ఏ పార్టీ అయినా గట్టిగా అడగడం అరుదు. ఓడినప్పుడు బాధ కలుగుతుంది; వచ్చేసారి మనమే గెలుస్తామన్న ఆశ ఆ బాధను మరిపిస్తుంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ ఒక సవరణ ప్రతిపాదించారు. ఒక్కొక్క నియోజకవర్గం నుంచి పలువురు సభ్యులు ఎన్నికయ్యేట్లు దామాషా పద్ధతి పెట్టాలని ఆయన కోరారు. దామాషా పద్ధతి అంటే ఏ పక్షానికి ఎన్ని ఓట్లో ఆ పాళ్లలోనే స్థానాలు. దేశంలో అక్షరాస్యత అతి స్వల్పమనీ, సుస్థిర ప్రభుత్వం అవసరమనీ చెప్పి డాక్టర్ అంబేద్కర్ దానిని అంగీకరించలేదు. అదే ఏడాది మే నెలలో ముస్లింలకు ఉద్దేశించిన రిజర్వుడు స్థానాల ఏర్పాటును కూడా రాజ్యాంగ సభ తొలగించింది. 1951లో దేశ అక్షరాస్యత సుమారు 18 శాతం. 2011 నాటికి 74 శాతం. అప్పటి కారణాలలో ఒకటి చాలావరకు తొలగిపోయింది. రెండవది, సుస్థిరత అన్నది, నేటికీ చర్చించదగిన అంశమే. అయితే ఆ చర్చ జరగవలసింది ఎవరి ముందు?

ఈ విషయంలో న్యూజిలాండ్ అనుభవం మనకు పాఠం చెబుతుంది. అక్కడ కూడా మన పద్ధతే ఉండేది. 1978లోనూ 1981లోనూ లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చినా ఎక్కువ స్థానాలు నేషనల్ పార్టీకి దక్కాయి. 1981లో మూడవ పక్షమైన సోషల్ క్రెడిట్‌కు 20 శాతానికి పైగా ఓట్లు పడితే రెండే స్థానాలు వచ్చాయి. 1985లో ప్రభుత్వం రాయల్ కమిషన్‌ను నియమించింది. అది 1986 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చి మిశ్రమ దామాషా పద్ధతిని సిఫారసు చేసింది. ఆ పద్ధతిలో ఓటరుకు రెండు ఓట్లు ఉంటాయి. ఒకటి తన నియోజకవర్గ అభ్యర్థికి, రెండవది పార్టీకి. సభలో ఒక పార్టీకి మొత్తం ఎన్ని స్థానాలన్నది పార్టీ ఓటును బట్టి తేలుతుంది.

పెద్ద పార్టీల నాయకులలో అధికులకు అది రుచించలేదు. కాని చేసిన వాగ్దానాలు తప్పించుకోలేని స్థితి వచ్చి, 1992 సెప్టెంబర్‌లో ప్రజలను రెండు ప్రశ్నలు అడిగారు. పాత పద్ధతి ఉండాలా, మారాలా? మారితే ఈ నాలుగింటిలో ఏది? మారాలన్నవారు సుమారు 85 శాతం. నాలుగింటిలో మిశ్రమ దామాషాను ఎంచుకున్నవారు సుమారు 70 శాతం. ఆ తరువాత 1993 నవంబర్ 6న, సాధారణ ఎన్నికలతో పాటే, పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ ముఖాముఖి ఓటు పెట్టారు. సభ్యుల సంఖ్య 99 నుంచి 120కి పెరుగుతుందనీ, ఖర్చు పెరుగుతుందనీ, ప్రభుత్వాలు కూలిపోతాయనీ వ్యాపారవర్గాల అండతో భారీ ప్రచారం జరిగింది. అయినా 53.9 శాతం మంది కొత్త పద్ధతికి ఓటు వేశారు. 1996లో ఆ పద్ధతిపై తొలి ఎన్నిక జరిగింది. 2011లో మళ్లీ ప్రజలనే అడిగితే సుమారు 58 శాతం మంది దానినే ఉంచమన్నారు. పాలకులు తెచ్చిన పద్ధతి కాక తాము ఎంచుకున్న పద్ధతి కావడం వలన దాని మంచిచెడ్డలకు ప్రజలే బాధ్యత తీసుకున్నారు.

మనకు ముఖ్యమైన విషయం మరొకటి. ఆ దేశపు మూలవాసులైన మావోరీలకు 1867 నుంచి ప్రత్యేక స్థానాలు నాలుగు ఉన్నాయి. దామాషా పద్ధతి వస్తే వాటి అవసరం ఉండదని రాయల్ కమిషన్ భావించింది. మావోరీలు ఒప్పుకోలేదు. చివరికి ఆ స్థానాలను ఉంచడమే కాక, మావోరీ ఓటర్ల జాబితాలో చేరేవారి సంఖ్యను బట్టి అవి పెరిగేట్లు చట్టం చేశారు. 1996లో అయిదు, 2002 నాటికి ఏడు అయ్యాయి. వాటిని ఉంచాలా తీసివేయాలా అని దేశమంతటి చేత విడిగా ఓటు వేయించలేదు. ముస్లింలు అక్కడ బహు కొద్దిమంది. ఏ ఒక్క నియోజకవర్గంలోనూ గెలుపోటములను శాసించే సంఖ్య వారిది కాదు. అయినా 2002లో పార్టీ జాబితా ద్వారా అష్రఫ్ చౌదరి ఆ పార్లమెంటులో తొలి ముస్లిం సభ్యుడయ్యారు.

ఇక్కడ మీలో కొందరికి కలిగే సందేహం మాకు తెలుసు. నియమాన్ని ఓటుకు పెడితే మెజారిటీ తనకు అనుకూలమైనదే ఎంచుకుంటుంది కదా, సంఖ్యలో తక్కువైన మనం మన తాళంచెవిని మనమే అప్పగించినట్లు కాదా అని. ఇది తేలికగా తీసివేయదగిన సందేహం కాదు. దీనికి సమాధానం ఐర్లండ్ చరిత్రలో కొంత దొరుకుతుంది. కాథలిక్కులు అత్యధికులైన ఆ దేశంలో ఓటు బదిలీ పద్ధతిని స్వాతంత్ర్యకాలంలో నెలకొల్పినప్పుడు ప్రొటెస్టెంట్ మైనారిటీకి భరోసా కల్పించడం ఒక ఉద్దేశం. తరువాత అధికారంలో స్థిరపడిన ఫియానా ఫాయిల్ పార్టీ దానిని తీసివేసి మన పద్ధతిని తేవాలని చూసింది. అక్కడి రాజ్యాంగం ప్రకారం ప్రజలను అడగక తప్పదు. 1959లో సుమారు 52 శాతం మంది వద్దన్నారు. అదేరోజు ఆ పార్టీ నాయకుడు డి వలేరాను దేశాధ్యక్షునిగా ఎన్నుకున్న ప్రజలే ఆయన పార్టీ కోరిన మార్పును తిరస్కరించారు. 1968లో మళ్లీ అడిగితే సుమారు 61 శాతం మంది వద్దన్నారు. నియమం మార్చే అధికారం పార్లమెంటు మెజారిటీ చేతిలోనే ఉండివుంటే ఆ పద్ధతి 1959లోనే పోయేది. కనుక మెజారిటీ ప్రజలూ, మెజారిటీ పార్టీ ఒకటే అనుకోవడం పొరపాటు.

అయితే ఏ విధంగా అడిగినా న్యాయమే జరుగుతుందని మేము చెప్పడం లేదు. బ్రిటన్‌లో 2011లో ప్రజల ముందు పెట్టినది ఒక్క ప్రత్యామ్నాయమే. అది దామాషా పద్ధతి కూడా కాదు. ఓటర్లలో 42 శాతం మందే వచ్చారు, వచ్చినవారిలో సుమారు 68 శాతం వద్దన్నారు. కోరుకున్న వంటకం వడ్డించకుండా ఆకలి లేదని రాసుకున్నట్లయింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2004లో జరిగిన ఏర్పాటు ముచ్చటైనది. చీటీ పద్ధతిన ఎంపికైన 160 మంది సామాన్య పౌరులు ఒక అధ్యక్షుని ఆధ్వర్యంలో నెలల తరబడి చదివి, విని, చర్చించి ఓటు బదిలీ పద్ధతిని సిఫారసు చేశారు. 2005లో 57.7 శాతం మంది అవునన్నారు. కాని 60 శాతం రావాలని ప్రభుత్వం ముందే షరతు పెట్టినందున మార్పు ఆగిపోయింది.

ఈ అనుభవాల నుంచి మేము గ్రహించినవి నాలుగు. ప్రత్యామ్నాయాలను తయారుచేసేది పార్టీలు కాక స్వతంత్ర సంఘం కావాలి, అందులో మైనారిటీలు, దళితులు, ఆదివాసీలు, మహిళలు ఉండాలి. ముందు మార్పు కావాలా అనీ, తరువాత ఏ మార్పు అనీ రెండు దశలలో అడగాలి. తెలుగు, ఉర్దూ సహా ప్రజల భాషలలో వివరణ ఇంటింటికీ చేరాలి. నాలుగవది అన్నిటికంటే ముఖ్యం: ఓట్లను సీట్లుగా మార్చే లెక్కను ప్రజలు ఎంచుకోవచ్చు. కాని ఎవరికి ఓటు ఉండాలి, ఎవరు సమాన పౌరులు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఉన్న రక్షణలు ఉండాలా అన్నవి ఏ ఓటుకూ పెట్టరాదు. ఆట నియమాలను మార్చవచ్చును గాని ఆటగాళ్లలో కొందరిని మైదానం నుంచి గెంటే హక్కు ఎవరికీ లేదు.

మన దేశంలో ఇది సాధ్యమా? దేశవ్యాప్త రెఫరెండంకు మన రాజ్యాంగంలో ఏర్పాటు లేదు. అయితే చర్చకు ద్వారాలు మూసుకోలేదు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో జాబితా స్థానాలను కలిపే మిశ్రమ పద్ధతిని సూచించింది. 2015లో 255వ నివేదికలో మళ్లీ ఆ ప్రస్తావన చేసింది. దామాషా పద్ధతి మనవారికి అర్థం కాదన్న మాట కూడా నిలవదు. రాష్ట్రపతిని, రాజ్యసభ సభ్యులను మన ప్రతినిధులు ఎన్నుకునేది ప్రాధాన్య క్రమంలోనే. పట్టభద్రుల శాసనమండలి స్థానాలకు మాబోటివాళ్లం ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి వస్తున్నాం. 2021 మార్చిలో హైదరాబాద్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీపడితే దుప్పటంత బ్యాలెట్ కాగితం చేతికిచ్చారు. లెక్కింపు రోజుల తరబడి సాగినా ఫలితం వచ్చింది, ప్రజలు అంగీకరించారు.

మరోవంక మనలను అడగకుండానే నియమాలు మారుతున్నాయి. హైదరాబాద్ మేయర్‌ను 2002లో ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు. 2009లో ఆ పని కార్పొరేటర్ల, పదవిరీత్యా సభ్యుల చేతికి వెళ్లింది. ఏది మంచిదన్నది వేరే విషయం. నగర పౌరుని అభిప్రాయం ఎవరూ అడగలేదన్నది మా ఆక్షేపణ.

సోదరులారా, ఈ విషయంలో మనం మన స్థానాలు పెంచమన్న విన్నపంతో ఎవరి గుమ్మం ముందూ నిలబడనవసరం లేదు. ప్రతి పౌరుని ఓటుకు సమాన విలువ కావాలని, ఆ విలువను నిర్ణయించే నియమంలో ప్రతి పౌరునికీ మాట ఉండాలని అడుగుదాం. గుంటూరులో ఓడిన 39 శాతంలోని రైతుకూ, లక్నోలో ప్రతినిధి లేని నేతపనివానికీ అదే కోరిక వర్తిస్తుంది. ఈ నెల నుంచి మన మహల్లాలలో, మసీదు కమిటీలలో, యువజన సంఘాలలో ఒక పని మొదలుపెట్టవచ్చు. మీ నియోజకవర్గంలో గత ఎన్నికలో గెలిచిన అభ్యర్థికి ఎంత శాతం పడ్డాయో, మిగతావారందరికీ కలిపి ఎంత పడ్డాయో ఒక కాగితంమీద రాసి పదిమందికి చూపండి. పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ మిత్రులనూ పిలిచి కూర్చోబెట్టండి. ఓటర్ల జాబితాలో మీ ఇంటి పేర్లు ఉన్నవో లేవో ముందు సరిచూసుకోండి, ఎందుకంటే జాబితాలో లేని పేరుకు ఏ పద్ధతీ న్యాయం చేయలేదు. మీ శాసనసభ్యుడు ఓటు కోసం వచ్చినప్పుడు ఈ ప్రశ్న అడిగి సమాధానం రాసుకోండి.

న్యూజిలాండ్‌లో 1978 నుంచి 1993 దాకా పదిహేనేళ్లు పట్టింది. మనది పెద్ద దేశం, మరింత కాలం పట్టవచ్చు. మా వయసువాళ్లం ఆ ఫలితాన్ని చూడకపోవచ్చు. ప్రశ్నను మాత్రం సరైన రూపంలో మీకు అప్పగించి వెళ్లాలన్నదే మా తాపత్రయం.